కప్పు మీద పెళ్లి... గీసిందెవరు?

గద్వాల చీర గురించి కొత్తగా చెప్పేదేముంది! ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. రెండింటినీ మగ్గం మీదే కలిపే పనితనానికి మురిసిపోతాం. కానీ నేసిందెవరని అడగం. చీరకి ఊరి పేరుంటుంది, నేతగాడి పేరుండదు.

దాదాపు ఐదొందల ఏళ్ల కిందట కొందరు చిత్రకారులదీ ఇదే కథ. వాళ్ల పని చూడాలంటే గద్వాల వాళ్లు ఎర్రవల్లి చౌరస్తాలో, వనపర్తి, నాగర్‌కర్నూల్ వాళ్లు పెబ్బేరులో 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. కర్నూలు, అనంతపురం దాటి కొడికొండ దగ్గర కుడివైపు తిరిగితే లేపాక్షి వస్తుంది.

అక్కడి వీరభద్రస్వామి గుడిని అచ్యుతదేవరాయల కాలంలో (1529-42) రాజోద్యోగి విరూపణ్ణ కట్టించాడు. మండపంలో తలెత్తి చూస్తే కప్పంతా బొమ్మలే. సున్నపు పూత మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు... చుట్టూ నల్లటి గీత. ఒకచోట శివపార్వతుల కల్యాణం జరుగుతుంటుంది. పెళ్లి దేవుళ్లదే, కట్టూబొట్టూ మాత్రం మనుషులవి! ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, పూలు. మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు. విజయనగరం రోజుల్లో ఎవరేం కట్టుకునేవారో తెలుసుకోవడానికి చరిత్రకారులు కూడా ఈ కప్పు వైపే చూస్తారు. గీసిన వాళ్లు తాము చూసిన పెళ్లిళ్లనే కైలాసానికి తీసుకెళ్లారు మరి.

అంతకు దాదాపు తొంభై ఏళ్ల ముందు, స్విట్జర్లాండులో మరో చిత్రకారుడు అచ్చం ఇదే పని చేశాడు. ఆయన పేరు కాన్రాడ్ విట్జ్, ఉండేది బాసెల్ నగరంలో. 1444లో జెనీవాలోని పెద్ద చర్చి కోసం, ఏసు మహిమతో శిష్యులకు వలనిండా చేపలు పడిన కథని బొమ్మగా వేశాడు. కథ జరిగింది గలిలయ సరస్సులో. ఆయన వేసింది జెనీవా సరస్సుని! వెనకాల కొండలు కూడా అక్కడివే. ఫలానా చోటని గుర్తుపట్టేలా యూరప్‌లో వేసిన తొలి ప్రకృతి చిత్రాల్లో దీన్నొకటిగా చెబుతారు. చట్రం మీద తన పేరూ, సంవత్సరమూ రాసుకున్నాడు విట్జ్. 1535లో చర్చిలో బొమ్మలు ఉండకూడదన్నవాళ్లు అందులోని ముఖాల్ని గీకేశారు. తర్వాత బాగు చేయించారు. ముఖాలు పోయినా పేరు మిగిలింది.

లేపాక్షిలో అలా కాదు. కట్టించిన విరూపణ్ణ పేరు శాసనాల్లో ఉంది. సోదరుడితో కలిసి వీరభద్రుడికి మొక్కుతున్న ఆయన బొమ్మా కప్పు మీద ఉంది. ఖజానా సొమ్ము వాడాడని రాజు ఆగ్రహిస్తే, తన కళ్లు తానే పీకి గోడకి విసిరాడంటూ ఎర్రటి మరకలు చూపించే కథా ఉంది. ఆ కుళ్లాయిలో ముడతనీ, పార్వతి చీర అంచునీ గీసిన చేతులకి మాత్రం శాసనంలోనూ, కథలోనూ చోటు దక్కలేదు. చాలాచోట్ల రంగులు వెలిశాయి, పెచ్చులూడాయి. వాళ్ల సంతకం ఉన్నదల్లా ఆ మిగిలిన గీతల్లోనే.

అలాగని వాళ్ల పని అక్కడే ఆగిపోలేదు. కప్పు మీది ఆ పూలూ, గళ్లూ లేపాక్షి డిజైన్ల పేరుతో చీరల మీదకీ దిగొచ్చాయి. అంటే పేరు తెలియని చేయి గీస్తే, పేరు అడగని చేతులు అందుకున్నాయన్నమాట.

ఈసారి గద్వాలలో చీర కొన్నప్పుడు ధరతోపాటు నేసిందెవరో కూడా అడగండి. కొట్టాయన చెప్పలేకపోవచ్చు. కానీ అడిగేవాళ్లుంటేనే కదా, పేరు రాసిపెట్టాలన్న ఆలోచన వచ్చేది!