మహాచాయి పచ్చ చేప

థాయ్‌లాండు రాజధాని అయిన బాంగ్‌కాక్ నగరం మధ్యగా చావ్ ఫ్రాయా అనే నది పారుతుంది. దాని పడమటి వైపున వాంగ్‌వియన్ యాయ్ అనే చిన్న రైలు స్టేషను ఉన్నది. మీరు ఎప్పుడైనా ఆ దేశం వెళ్ళితే, రాజభవనాలూ, బంగారు గోపురాలూ చూడటం అయినాక, ఒక పూట మిగుల్చుకుని ఈ స్టేషనులో రైలెక్కండి. రైలు చిన్నది. ఇళ్ళ పెరళ్ళనూ, ఆరవేసిన బట్టలనూ రాసుకుంటున్నట్టుగా పోతుంది. సుమారు గంటసేపటికి అది మహాచాయి అనే ఊళ్ళో, సరాసరి చేపల బజారు పక్కనే మిమ్మల్ని దింపుతుంది.

ఈ ఊరి పేరు మనకు బొత్తిగా కొత్త కాదు. మహాచాయి అంటే మన "మహాజయ"మే. ఆ జిల్లా పేరు సముత్ సాఖోన్, అంటే "సముద్ర సాగరం"! సంస్కృతపు మాటలు థాయ్ వాళ్ళ నోట అలా మారాయి. ఒకే అర్థం గల మాటను రెండుసార్లు ఎందుకు పెట్టారా అని మీరు నవ్వవచ్చు. కాని ఆ ప్రాంతం చూస్తే తప్పులేదనిపిస్తుంది. ఒక పక్క తా చీన్ నది, ఒక పక్క సముద్రం, మధ్య లెక్కలేనన్ని కాలవలు, ఉప్పు మళ్ళు. ఎటు చూసినా నీళ్ళే.

ఈ కాలవల వెంబడి పోతే నీపా అనే తాటిజాతి చెట్ల గుబుర్లు కనిపిస్తాయి. చూడగానే వీటికి మాను లేదనుకుంటాం. మాను ఉన్నది, కాని అది నిలబడకుండా బురదలో అడ్డంగా పాకుతుంది. ఆకులు మటుకు కొబ్బరి మట్టల్లాగా బురదలోంచి నిటారుగా రెండు మూడు నిలువుల ఎత్తు లేస్తాయి. ఆ ఆకుతో అక్కడివాళ్ళు ఇళ్ళు కప్పుతారు. లేత కాయను కొడితే లోపల మన తాటిముంజెలాంటి గింజ ఉంటుంది. దాన్ని వాళ్ళూ మనలాగే ఇష్టంగా తింటారు. మన దేశంలో సుందరవనాలలో కూడా ఈ చెట్టు ఉన్నది.

సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు కాలవల్లోకి ఎగదన్నుతుంది. ఆటు వచ్చినప్పుడు వెనక్కు తీస్తుంది. అయితే నీపా మట్టల మొదళ్ళు వెడల్పుగా, దొప్పల్లా ఉంటాయి. నీరు తీసినా ఆ దొప్పల్లోనూ, మొదళ్ళ మధ్య గుంటల్లోనూ దోసెడేసి నీళ్ళు నిలిచిపోతాయి. ఉప్పగానూ కాక, చప్పగానూ కాక ఉండే ఆ కాసిని నీళ్ళలో ఒక చేప కాపురం చేస్తుంది. దాన్ని చూపించటానికే మిమ్మల్ని ఇంత దూరం తీసుకువచ్చాను.

అది రెండు అంగుళాలు మించి పెద్దగా పెరగదు. ఒళ్ళు నలుపు. ఆ నలుపు మీద పచ్చగా మెరిసే పొలుసులు మొక్కజొన్న గింజల్లాగా వరసలు తీరి ఉంటాయి. బురదనీటిలో అది కదలకుండా ఉంటే కనిపించదు. వెలుగు పడిందా, పచ్చరాయిలా తళుక్కుమంటుంది.

అంత కొద్దిపాటి, మురికి నీటిలో చేపకు ఊపిరి ఎలా ఆడుతుందని మీరు అడగవచ్చు. మన చేపల బజారులో కొర్రమట్టను చూశారా? నీళ్ళు లేని గంపలో కూడా అది చాలాసేపు బతికే ఉంటుంది. దానికి మొప్పలు కాక, తలలో గాలి పీల్చే ఏర్పాటు కూడా ఉన్నది. ఈ పచ్చ చేపకూ అలాటిదే ఉన్నది. మాటిమాటికీ పైకి వచ్చి ఒక గుక్క గాలి మింగి పోతుంది. ఆ గాలితోనే మగచేప గూడు కూడా కడుతుంది! నోట్లో గాలినీ, జిగురునూ కలిపి బుడగలు చేసి, నీటి మీద నురుగు తెప్పలాగా పేరుస్తుంది. ఆడచేప పెట్టిన గుడ్లను ఒక్కొక్కటే నోటితో ఏరి ఆ నురుగులో ఉంచుతుంది. ఆ తరవాత కాపలా అంతా తండ్రిదే. తల్లి దగ్గిరికి వస్తే తరిమేస్తుంది, ఎందుకంటే ఆకలేస్తే తల్లి ఆ గుడ్లనే తినగలదు. గుడ్డు జారి పడితే తండ్రి మళ్ళీ తెచ్చి గూట్లో పెడుతుంది. పిల్లలు ఈదటం నేర్చేదాకా దానికి తిండి ధ్యాస ఉండదు.

ఈ జాతి చేపలను థాయ్ భాషలో "ప్లా కత్" అంటారు. ప్లా అంటే చేప, కత్ అంటే కొరకటం. రెండు మగచేపలు ఎదురుపడితే మొప్పలు విప్పి, రెక్కలు సాచి, ఒకదాన్నొకటి బెదిరించుకుంటాయి. చిత్తడిలో ఈ తగువు త్వరగానే తేలిపోతుంది. ఓడింది పారిపోవటానికి కావలసినంత చోటు ఉంటుంది. జాడీలో ఆ చోటు లేదు. పూర్వం సయాంలో మనవాళ్ళ కోడిపందాల్లాగే చేపల పందాలు సాగేవి. ఓడినా వెనక్కు తగ్గని చేపలనే ఏరి, వాటి పిల్లలనే పెంచుతూ వచ్చారు. 1840లో సయాం రాజు కానుకగా ఇచ్చిన కొన్ని చేపలు చేతులు మారి, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న థియొడోర్ కాంటర్ అనే డేనిష్ వైద్యుడికి చేరాయి. ఆయన 1849లో వాటిని గురించి రాశాడు. వాటి శాస్త్రనామం "బెట్టా స్ప్లెండెన్స్" అని 1910లో స్థిరపడింది. 2019లో థాయ్‌లాండు ప్రభుత్వం ఈ పోరాటపు చేపను తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

మన ఊళ్ళలో అద్దాల తొట్లు అమ్మే దుకాణాల్లో "ఫైటర్" అనే చేప ఉంటుంది కదా, పట్టుపరికిణీ కుచ్చిళ్ళలాంటి తోకతో? అది ఈ స్ప్లెండెన్స్ సంతానమే. కాని అది అడవి చేప కాదు. 2022లో వెలువడిన జన్యు పరిశోధన ప్రకారం మనుషులు దాన్ని మచ్చిక చేసి కనీసం వెయ్యేళ్ళు అయింది. దాని రక్తంలో ఇతర బెట్టా జాతుల కలయిక కూడా ఉన్నట్టు అదే పరిశోధనలో తేలింది. రంగు కోసం, తోక కోసం పెంపకందార్లు ఆ జాతినీ ఈ జాతినీ కలిపారు. తోడేలుకూ మన వీధికుక్కకూ ఎంత దూరమో, చిత్తడి చేపకూ ఫైటర్‌కూ ఇప్పుడు ఇంచుమించు అంత దూరం ఉన్నది.

బెట్టాలలో 70కి పైగా జాతులు ఉన్నాయి. మహాచాయి పచ్చ చేప వేరే జాతి అని చేపలు పెంచేవాళ్ళు చాలాకాలంగా అనుకునేవారు. స్ప్లెండెన్స్‌లోనే ఒక రకం అని వాదించినవాళ్ళూ ఉన్నారు. చివరకు మహిడోల్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞులు దాని జన్యువులను పరీక్షించి, అది ప్రత్యేక జాతే అని తేల్చి, 2012లో "బెట్టా మహాచాయెన్సిస్" అని పేరు పెట్టారు. అంటే ఊరి పేరే చేపకు వచ్చింది.

అయితే పేరు వచ్చేసరికే ఇల్లు పోతున్నది. బాంగ్‌కాక్‌కు ఇంత దగ్గిరి భూమిని బురదగా ఎవరు ఉండనిస్తారు? నీపా గుబుర్లు నరికి రొయ్యల చెరువులు తవ్వారు. మట్టి పోసి ఫ్యాక్టరీలూ, ఇళ్ళూ, రోడ్లూ వేశారు. మన కోస్తా జిల్లాలలో రొయ్యల చెరువులు చూసినవాళ్ళకు ఇది వేరే చెప్పనక్కర లేదు. పచ్చ చేప ఇప్పుడు ప్రమాదంలో ఉన్న జాతుల లెక్కలో చేరింది.

ఈ మాట వినగానే, "అయితే పట్టుకొచ్చి మనం పెంచుదాం" అనేవాళ్ళు బయలుదేరుతారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. బాంగ్‌కాక్ చేపల బజారులో జాడీలు వరసగా పేర్చి ఉంటాయి. చేపలు ఒకదాన్నొకటి చూసి అలిసిపోకుండా జాడీకీ జాడీకీ మధ్య అట్టముక్క అడ్డం పెడతారు. నీళ్ళలో ఎండిన బాదం ఆకు వేస్తారు. మీ బడి ఆవరణలో ఎర్రబడి రాలుతుందే, ఆ బాదం ఆకే! దాని కషాయం చేపకు మంచిదని వాళ్ళ అనుభవం. ఒక్కొక్కరు తల్లి పసిబిడ్డను చూసినట్టు చూస్తారు. వాళ్ళ జాడీల్లో పుట్టిన పిల్లలు దొరుకుతుంటే, చిత్తడికి పోయి పట్టే పని కొంత తగ్గుతుంది కూడాను.

చిక్కల్లా మరోచోట ఉన్నది. జాడీలో చేపకు ఎవరు పోటీ? ఎవరికి భయపడాలి? పెంచేవాడు బాగా మెరిసేదాన్నే జోడు కడతాడు. పది తరాలు గడిచేసరికి అది మరింత పచ్చగా, మరింత అందంగా ఉంటుంది. కాని ఆ అందం చిత్తడిలో కొంగకు ఆనవాలు. అంతేకాదు, పచ్చదనం కోసం దాన్ని ఫైటర్‌తో కలిపి, వచ్చిన పిల్లలను కూడా "మహాచాయి" అనే అమ్మేవాళ్ళున్నారు. చూడటానికి అంతా ఒకటే. కంటితో తేడా పట్టటం శాస్త్రజ్ఞులకే కష్టం.

ఇక దయగలవాళ్ళ సంగతి. థాయ్‌లాండులో గుడుల దగ్గిర చేపలనూ, పక్షులనూ కొని, విడిచిపెట్టి పుణ్యం కట్టుకునే ఆచారం ఉన్నది. ప్రాణికి స్వేచ్ఛ ఇవ్వటం కన్న మంచి పని ఏముంటుందని మనకూ అనిపిస్తుంది. కాని ఇంట్లో పెంచిన ఫైటర్‌ను నీపా కాలవలో వదిలారనుకోండి. అది చచ్చిపోతే ఆ ఒక్క చేపతో సరి. బతికి పచ్చ చేపతో జత కట్టిందా, ఆ పిల్లలు గొడ్డుపోవు. వాటికీ పిల్లలు పుడతారు. అలా కొన్నాళ్ళకు కాలవ నిండా చేపలే ఉంటాయి గాని, వాటిలో మహాచాయి చేప ఉండదు. వల వేసినవాడికన్న పుణ్యాత్ముడే ఎక్కువ నష్టం చేసినట్టవుతుంది. మన చెరువుల్లో "దెయ్యం చేప" అని రైతులు తిట్టుకునే ముళ్ళ చేప ఎక్కడిది? అద్దాల తొట్టిలో నాచు తింటుందని తెచ్చుకుని, పెద్దదైనాక నీళ్ళలో వదిలినదే.

ఇలా అంటే పెంచటమే తప్పని నేను చెబుతున్నట్టు అనుకోకండి. మలేసియాలోని జొహోర్ ప్రాంతంలో, కుళ్ళిన ఆకులు శతాబ్దాల తరబడి పేరుకుపోయిన చిత్తడి అడవులు ఉండేవి. అక్కడి నీరు డికాక్షనులా నల్లగా, నిమ్మరసంలా పుల్లగా ఉంటుంది. ఆ నీటిలో బొటనవేలంత నల్లని బెట్టా ఒకటి ఉన్నది. 1986లో దానికి పెర్సెఫోని అని పేరు పెట్టారు. గ్రీకు కథల్లో పాతాళలోకపు రాణి పేరు అది. ఆ అడవుల్లో ఎంతో భాగం ఎండగట్టి నూనెతాటి తోటలు వేశారు. మన ఇళ్ళలో వాడే పామాయిలులో చాలా మటుకు ఆ దేశాలనుంచి వచ్చేదే గనక, ఇది మరీ దూరపు కథేమీ కాదు. ఆ చేపలకు దూరదేశాలలో కొందరి తొట్లు కూడా ఒక ఇల్లయినాయి. అలాటివాళ్ళను పట్టుకుని "నీకెందుకయ్యా ఈ పని?" అనటానికి నాకు నోరు రాదు.

ఇప్పుడు ఒక సంగతి మీరే ఆలోచించి చెప్పండి. ఒకడి దగ్గిర కల్తీ లేని మహాచాయి చేపలు ఉన్నాయి. ఏ కాలవలో పట్టాడో అతనికి జ్ఞాపకం. ఇప్పుడు ఆ కాలవ లేదు. దాని మీద ఫ్యాక్టరీ ఉన్నది. మరో కాలవలో నీపా గుబురు బాగానే ఉన్నది, దానిలో అదే జాతి చేపలూ ఉన్నాయి. అతను తన చేపలను అక్కడ వదలవచ్చా? జాతి ఒకటే గనక వదలవచ్చునంటారా? జాడీలో అంటుకున్న జబ్బేదైనా వాటితోపాటు పోతే? ఆ కాలవ చేపలు ఆ కాలవ ఉప్పుకే అలవాటుపడి ఉంటే? వదలకుండా ఉంచుకుంటే, అతని తరవాత వాటిని చూసేదెవరు? శాస్త్రజ్ఞులు కూడా ముందు పరీక్షలు చెయ్యకుండా "వదులు" అనరు.

కొందరు పెంపకందార్లు చేసే పని మటుకు నాకు నచ్చింది. చేప ఏ కాలవది, ఏ సంవత్సరం పట్టినది అని ప్రతి జాడీ మీదా చీటీ అంటిస్తారు. ఆ చీటీ లేని చేపతో దాన్ని జత చెయ్యరు. అమ్మినా చీటీతోనే అమ్ముతారు.

ఇళ్ళకు రేకులు వచ్చినాక నీపా ఆకుకు గిరాకీ తగ్గింది గాని, బొత్తిగా పోలేదు. ఆకు కోసేవాళ్ళు ముదురు మట్టలనే కోసి, నడిమి లేత మొవ్వను ముట్టుకోరు; మొవ్వ తెగితే చెట్టు చస్తుంది, మళ్ళీ ఆకు ఉండదు. కోసిన మట్టల మొదళ్ళు బురదలో దొప్పల్లాగా అలాగే నిలబడి ఉంటాయి. తరవాతి పోటు వచ్చి తీసినప్పుడు వాటిలో దోసెడేసి నీళ్ళు మిగులుతాయి.