కాటా కంప్యూటర్

ఆదోనిలో కంప్యూటర్ల పని చేసేవాడి గోడకు మార్కెట్ యార్డు సెలవుల పట్టిక కూడా ఉండాలి. పత్తికి పేరున్న యార్డు ఇది. అక్టోబరు వచ్చిందంటే చుట్టుపక్కల మండలాల నుంచే కాదు, సరిహద్దు అవతల సిరుగుప్ప వైపు నుంచి కూడా బండ్లు వస్తాయి. నేను పనిచేస్తున్న జిన్నింగ్ మిల్లులో ఆ పట్టిక గుమాస్తా బల్ల అద్దం కింద ఉండేది. ఆ బల్ల ముందు నుంచే రోజూ నా గదిలోకి వెళ్లేవాణ్ణి, ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు.

అంతకుముందు ఏ ప్రోగ్రామ్ ఎక్కించాలన్నా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బల్లబల్లకీ తిరిగేవాణ్ణి. శాఖ ఎమ్మిగనూరులో ఉంది, అక్కడికైతే బస్సెక్కాలి, సుమారు ముప్పై కిలోమీటర్లు. ఆ తిరుగుడు తప్పించుకోవడానికే యజమానిని ఒప్పించి, కంప్యూటర్లన్నిటినీ ఒకేచోటి నుంచి నడిపించే సాఫ్ట్‌వేర్ కొనిపించాను. ప్రతి కంప్యూటర్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. నాకేమైనా పనుందా అని అది ఉండుండి సర్వర్‌ను అడుగుతుంది. ఉంటే తెచ్చుకుని, ఎక్కించుకుని, అవసరమైతే కంప్యూటర్‌ను ఆపి మళ్లీ లేపుతుంది. బల్ల ముందున్న మనిషికి తెలియకుండానే అంతా అయిపోతుంది. అప్పట్లో నాకు అందులో అన్నిటికంటే నచ్చింది అదే.

అప్‌డేట్ల విషయంలో నాకో పాత భయం ఉండేది. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. దానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. వేసుకున్నవాళ్లు బతికారు. ఆ కథనాలు చదివి నేను నేర్చుకున్న పాఠం ఒక్కటే: వచ్చిన అప్‌డేట్ వచ్చినట్టు వేసెయ్యాలి. కాబట్టి కొత్త సాఫ్ట్‌వేర్‌లో గుంపులు చేసుకునే వీలున్నా చేయలేదు. అన్ని కంప్యూటర్లనూ ఒకే గుంపులో పెట్టి, వచ్చిన ప్రతిదానికీ ముందే అనుమతి ఇచ్చేశాను. పరికరాలను నడిపించే డ్రైవర్ ప్రోగ్రామ్‌లకు కూడా.

మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి. మనకది రాత్రి. పత్తి జోరుమీదున్న ఒక బుధవారం పొద్దున్నే కాటా గదిలోంచి గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, తూకం కంప్యూటర్‌లోకి రాలేదు. సున్నానే చూపిస్తాంది. బండ్లు నిలబడిపోయినాయి."

వేబ్రిడ్జి మీద బండి ఎక్కగానే పక్కనున్న ఇండికేటర్‌లో బరువు కనబడుతుంది. ఆ అంకె ఒక సీరియల్ కేబుల్ గుండా కంప్యూటర్‌లోకి వెళ్లి చీటీగా అచ్చవుతుంది. ఇప్పటి కంప్యూటర్లు చాలావాటికి సీరియల్ పోర్టు ఉండదు గనుక ఆ కేబుల్‌ను యూఎస్‌బీలోకి మార్చే కన్వర్టర్ ఒకటి మధ్యలో పెడతారు. మాది ఎప్పుడో చవకగా కొన్నది. అలాంటివాటిలోని పాత చిప్‌లనూ నకిలీ చిప్‌లనూ కొత్త డ్రైవర్ ఒప్పుకోదు. ఆ రాత్రి నేను అనుమతించినవాటిలో ఆ డ్రైవర్ ఉంది. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10.

తిరిగి పాత డ్రైవర్ వేశాను, తూకం వచ్చింది. అందరి ముందూ కాస్త గర్వంగానే లేచాను. మర్నాడు పొద్దున్న మళ్లీ సున్నా. అప్‌డేట్లతోపాటు డ్రైవర్లు కలపవద్దు అని చెప్పే పాలసీ ఒకటి విండోస్‌లో ఉంది. అది పెట్టకుండా పాతది వేస్తే, రాత్రికి రాత్రి కొత్తది తిరిగొస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ పెట్టలేదు, తొందరలో.

ఇండికేటర్ పనిచేస్తూనే ఉంది కదా, చూసి చేత్తో చీటీ రాస్తే సరిపోదా అనుకున్నాను. సరిపోలేదు. ఏళ్ల తరబడి తూకంలో మోసపోయిన రైతుకు అచ్చులో వచ్చిన అంకె మీదే నమ్మకం. నిండు బండి బరువు ఒకరు రాసి, ఖాళీ బండి బరువు ఇంకొకరు రాస్తే మధ్యలో ఏం జరిగిందో అతనికెలా తెలుస్తుంది? ఒక పెద్దాయన బండి దిగలేదు. కంప్యూటర్ బాగయ్యేదాకా ఉంటానన్నాడు. ఆయన కోపానికి నేను తగినవాణ్ణే. గుమాస్తా మాత్రం కోప్పడలేదు. "ముందురోజు చెప్పింటే పాత మిషన్ ఒకటి పక్కన పెట్టుకునేవాణ్ణి కదప్పా" అన్నాడు. సార్ అనేవాడు, ఆ రోజు అప్పా అన్నాడు.

ఎమ్మిగనూరు కష్టం వేరు. అక్కడున్న ఒక్క సన్నని ఇంటర్నెట్ లైనుమీద ప్రతి కంప్యూటరూ అదే అప్‌డేట్‌ను విడివిడిగా దించుకుంటోంది. ఈ-వే బిల్లు తయారుకాక లారీ ఆగింది. ఒకటి దించుకుని మిగతావాటికి పంచే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. నేనే తెరిచి చూడలేదు.

ఇదంతా నా దగ్గర కంప్యూటర్ల జాబితా లేక కాదు. ఏడీఎన్-పీసీ-07 అని పేరు, ర్యామ్ ఎంత, విండోస్ ఏ వెర్షన్, అన్నీ ఉన్నాయి. దానికి కాటా తగిలించి ఉందని మాత్రం ఎక్కడా లేదు. అది రాయాలంటే వెళ్లి చూడాలి. వెళ్లనక్కర లేకుండానే కదా ఆ సాఫ్ట్‌వేర్ కొనిపించాను!

అందరికీ ఒకేసారి పంపే నా తప్పే పెద్దవాళ్లూ చేశారు. 2024 జులై 19న కంప్యూటర్ల భద్రత చూసే క్రౌడ్‌స్ట్రయిక్ సంస్థ ఒక లోపమున్న ఫైలును ఒకేసారి అందరికీ పంపి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను నీలి తెరమీద కూలబెట్టింది. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాసు ఫొటో చూసి అందరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. అటువంటి ఫైళ్లను విడతలవారీగా పంపడం వాళ్లు ఆ తర్వాతే మొదలుపెట్టారు.

ఫోన్ల దగ్గర నేను చేసింది ఇంతకంటే చెడ్డ తప్పు. ఊళ్లు తిరిగి పత్తి బేరం చేసే కుర్రాళ్లు సొంత ఫోన్లలోనే కంపెనీ యాప్ వాడేవారు. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఉంది. కంపెనీ సరుకు ఒక అరలో, సొంత సరుకు ఇంకో అరలో ఉంటాయి. కంపెనీ అరను మాత్రమే తుడిచెయ్యవచ్చు. అది పెట్టడానికి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చెప్పాలి. నేను పాత పద్ధతిలో, ఫోన్ మొత్తం మీద అధికారం తీసుకున్నాను. అనుమతి అడిగే తెర వస్తే "సరే నొక్కు బాబూ" అన్నాను, వాళ్లు నొక్కారు. ఒక కుర్రాడు ఉద్యోగం మానేసిన సాయంత్రం నియమం ప్రకారం అతని ఫోన్ తుడిచేశాను. మొత్తం పోయింది. చెల్లెలి పెళ్లి ఫొటోలు, పొలం కాగితాల ఫొటోలు. కాటా మర్నాటికి కాకపోయినా ఆ మర్నాటికి బాగుపడింది. ఇది బాగుపడలేదు. క్షమించమన్నాను. అతను ఏమీ అనలేదు, మళ్లీ నాతో మాట్లాడలేదు.

కాటా దగ్గర తగిలిన దెబ్బతో కొన్నాళ్లు అప్‌డేట్లన్నీ ఆపేశాను. అదీ తప్పే. ఆ రోజుల్లో వైరస్ రాకపోవడం నా అదృష్టం, తెలివి కాదు. ఇప్పుడు ముందు నా కంప్యూటర్‌కు, లెక్కల గదిలో ఒకదానికి వేస్తాను. వారం చూసి మిగతావాటికి పంపిస్తాను. కాటా కంప్యూటర్లు చివర, యార్డు సెలవు రోజున, గుమాస్తా పక్కన ఉండగా. డ్రైవర్లు వాటంతట అవి రావు. సొంత ఫోన్లలో వర్క్ ప్రొఫైల్ తప్ప ఇంకేదీ పెట్టను. ఫోన్ మొత్తం తుడిచే అధికారం కంపెనీ కొనిచ్చిన వాటిమీదే. కాటా కంప్యూటర్ల అప్‌డేట్ తేదీ ఏదన్నది గుమాస్తా చెబుతాడు.

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. సరిగ్గా కొత్త పత్తి దిగే వేళ. మీ మిల్లులోనో, మండీలోనో, ఎమ్మిగనూరు బట్టల కొట్టులోనో ఇంకా దానిమీదే పని నడుస్తుంటే మార్చక తప్పదు. పాత కంప్యూటర్లు చాలావాటికి విండోస్ 11 ఎక్కదు, కొత్తవి కొనాల్సి వస్తుంది. ఆ పని ఎండాకాలంలో పెట్టుకోండి. కాటాకు తగిలించిన కన్వర్టర్‌ను కొత్త కంప్యూటర్‌కు గుచ్చి, ఒక బండి తూచి చూడండి. తూకం సరిగా వచ్చాకే పాతదాన్ని తీయండి.