హోల్మెన్‌కొల్లెన్ కొండపై మంచుపందెము

నార్వేదేశపు రాజధానియగు ఓస్లోనగరమునకు వాయవ్యమున హోల్మెన్‌కొల్లెన్ అను కొండ కలదు. నగరములోని పెక్కు తావులనుండి తలయెత్తి చూచినచో ఆ కొండకొమ్మున నొక యుక్కుకట్టడము, పెద్ద గరిటెకాడవలె వంగి, ఆకాశములోనికి చాచుకొనియుండుట కనబడును. అది స్కీలు తొడిగికొని గాలిలోనికి దుముకువారి దుముకుడుమెట్ట. పాతదానిని తీసివైచి 2010లో దానిని క్రొత్తగ కట్టిరి. ఈ కొండపై 1892 మొదలుకొని మంచుపందెములు జరుగుచున్నవి. 1952లో ఓస్లోలో జరిగిన శీతకాలపు ఒలింపిక్ క్రీడలకు ఇదియు నొక రంగస్థలము. మనవారు తీర్థమునకు కొండ యెక్కినట్లు నార్వేవారు మార్చిమాసమున ఈ కొండ యెక్కుదురు. ఊరక యెక్కుట కాదు. తినుబండారములు మూటగట్టుకొని, వేడి కాఫీ బుడ్లలో పోసికొని, పసిపిల్లలను జారుడుబండ్లలో కూర్చుండబెట్టి లాగుకొనుచు పోవుదురు.

మా ఆడపడుచు కాపురము ఓస్లోలోనే. 2016 మార్చిలో మేము వారి యింట నుండగా, ఆ నెల 3వ తేది మొదలు 13వ తేది వరకు ఆ కొండపై బయాథ్లాన్ అను క్రీడలో ప్రపంచవిజేతల నేర్పరచు పందెములు జరిగెను. కడపటి దినమగు ఆదివారమున మేమును బయలుదేరితిమి. నగరమధ్యమున భూమిలోపల నడచు రైలే, ఊరు దాటగనే వెలుపలికి వచ్చి, ఇండ్ల పెరళ్ళ ప్రక్కగ మెలికలు తిరుగుచు కొండ యెక్కును. ఆ పెట్టెలో ప్రతివారిచేతను మనిషి నిలువు మించిన సన్నని పలకల జత యొకటి. అవియే స్కీలు. మన రైళ్ళలో బిందెలకును బుట్టలకును ఎంత చనువో అచ్చట స్కీలకు అంత చనువు. స్కీలు కాళ్ళకు తొడిగికొనియే తమవారు పుట్టుదురని వారి సామెత.

కొండపై స్కీల చరిత్రకు ప్రత్యేకముగ నొక వస్తుప్రదర్శనశాల యున్నది. 1923లో స్థాపించిరి. అందు నాన్సెన్, అముండ్‌సెన్ మొదలగు ధ్రువయాత్రికుల సామగ్రి యున్నది గాని, మమ్ము నిలిపినది ఒక చిత్రపటము. 1869లో క్నూడ్ బెర్గ్‌స్లియెన్ అను చిత్రకారుడు వ్రాసినది. గాలివానవంటి మంచులో ఇద్దరు సాయుధులు స్కీలపై కొండ దాటుచున్నారు. ఒకని రొమ్మున పసిబిడ్డ. కథ యిది. 1206వ సంవత్సరమున శత్రువులు వెదకుచుండగా ఏడాదిన్నర వయసుగల హాకాన్ అను రాజపుత్రుని, బిర్కెబైనర్ అను పక్షమువారు లిల్లెహామర్ ప్రాంతమునుండి కొండలమీదుగ నీ రీతిని దాటించి కాపాడిరి. ఆ బిడ్డ 1217లో రాజయ్యెను. ఇప్పటికిని ఆ త్రోవను ఏటేట నొక పరుగుపందెము జరుపుదురు. పరుగెత్తు ప్రతివారును ఆ బిడ్డకు గుర్తుగ మూడున్నర కిలోల మూట వీపున మోయవలెను. ఏడాదిన్నర బిడ్డ మూడున్నర కిలోలే తూగునని నిర్ణయించినవారు బిడ్డ నెత్తుకొని యెఱుగరని మాకు తోచినది. అది పురిటిబిడ్డ బరువు.

ఆ ప్రయాణమున బిడ్డతల్లి ఇంగాయు వెంటనుండెనని చరిత్ర చెప్పుచున్నది. చిత్రమున నామె లేదు. తరువాత 1218లో, తన కుమారుడు నిజముగ రాజపుత్రుడే యని ఋజువు చేయుటకై ఆమె కాలిన యినుమును చేత బట్టి దివ్యము చేసి నెగ్గెనట. సీతమ్మ కథ విని పెరిగిన మనకు ఇది దూరదేశపు కథవలె తోపదు. మంచు దాటినది ఆమె, నిప్పు పట్టినదియు ఆమె. పందెములో మూట మాత్రము బిడ్డ పేర.

మూడున్నర కిలోల మాట యింకొకచోటను విననైనది. బయాథ్లాన్ పందెగాండ్రు వీపున మోయు తుపాకి అంతకు తక్కువ తూగరాదని నియమము. బయాథ్లాన్ అనగా ద్వివిధమైన పోటీ యని అర్థము. స్కీలపై పరుగొకటి, తుపాకితో గురి యొకటి. ఆ దేశపు పురాణములలో స్కాది అను దేవత కలదు. ఆమె కొండలలో స్కీలపై తిరుగుచు విల్లుతో మృగముల వేటాడును. ఈ విద్యకు అధిదేవత స్త్రీయే యన్నమాట. మనుష్యులలో ఇది వేటగాండ్రనుండి సైనికులకు వచ్చెను. నార్వే స్వీడన్ సరిహద్దు కాచు భటులు 1767లోనే ఇట్టి పోటీ జరుపుకొనిరట. ఇప్పటి రూపమున మొదటి ప్రపంచపోటీ 1958లో ఆస్ట్రియాలో జరిగెను. 1960లో ఒలింపిక్ క్రీడలలో చేరినప్పుడు గెలిచిన స్వీడన్‌వాడు క్లాస్ లెస్టాండర్. పరుగున నాయనను మించినవారు పలువురుండిరి. కాని యాయన ఇరువది గుండ్లును గురికి తగిలించెను. అందరికన్న వేగముగ పరుగెత్తిన ఫ్రాన్సుదేశస్థుడు ఇరువదింట రెండే తగిలించి ఎక్కడనో వెనుకబడిపోయెను.

మేము చూచిన పందెమున ముప్పదిమంది పురుషులు ఒక్కమారే బయలుదేరుదురు. మొత్తము 15 కిలోమీటర్లు. మూడేసి కిలోమీటర్ల చొప్పున ఐదు చుట్లు. మొదటి నాలుగు చుట్లకును చివర కాల్పులతావు. రెండుమార్లు బోర్ల పరుండియు, రెండుమార్లు నిలువబడియు, మారునకు ఐదు గుండ్లు కాల్చవలెను. గురులు ఏబది మీటర్ల దూరమున వరుసగ ఐదు నల్లచుక్కలు. బోర్ల పరుండినప్పుడు తగులవలసిన చుక్క అడ్డుకొలత 45 మిల్లీమీటర్లు, అనగా నొక నిమ్మకాయంత. నిలువబడినప్పుడు 115 మిల్లీమీటర్లు, పీచు తీసిన కొబ్బరికాయంత. తప్పిన ప్రతి గుండునకును అచ్చటనే, అందరు చూచుచుండగా, 150 మీటర్ల దండనచుట్టు నొకటి అదనముగ తిరిగి రావలెను. దానికి ఇరువదికిపైగ సెకండ్లు పట్టును. ఆ లోపల ఎదుటివాడు చెట్లలో కలిసిపోవును.

"వదినా, నల్లచుక్క తెల్లబడిన తగిలినట్లు, నల్లగనే యుండిన తప్పినట్లు. అది చూచుకొనుము, చాలును" అని మా ఆడపడుచు చెప్పినది. నిజమునకు ఆ యొక్క మాటతోనే ఆట తెలిసిపోయినది.

తెలియనిది, చూచినగాని తెలియరానిది, వారి యూపిరి. భారతములో ద్రోణుడు శిష్యులను పరీక్షించుట మన మందరమును చదివినదే. కొమ్మమీది పక్షిని చూపి ఏమి కనబడుచున్నదని యడుగగా, అర్జునునికి పక్షితల తప్ప మఱేమియు గానరాలేదు. చిన్ననాట ఆ ఘట్టము చదివినప్పుడు ఏకాగ్రత యనిన నింతకు మించినది లేదనుకొంటిమి. కాని యర్జునుడు నిలుకడగ నిలిచి, నెమ్మదిగ నూపిరి విడుచుచు విల్లెక్కుపెట్టెను. ఈ యువకులు మూడు కిలోమీటర్ల కొండత్రోవ నెగబ్రాకి, దిగజారి, గుండె నిమిషమునకు నూట అరువది, నూట డెబ్బది మారులు కొట్టుకొనుచుండగా వచ్చి నిలుతురు. నోటినుండి పొగలు. ముక్కునను గడ్డమునను నీరు. కఱ్ఱలు క్రింద పడవైచి, వీపునుండి తుపాకి తీసి, చాపపై బోర్లపడుదురు. అప్పుడు చూడవలెను. ఇంతకు మునుపు కొలిమితిత్తివలె ఎగసిపడిన వీపు మెల్లమెల్లగ నణగును. ఒక యూపిరి. ఇంకొక యూపిరి. సగము విడిచి ఆపుదురు. ఆ సందున గుండు. మరల నొక యూపిరి, మరల గుండు. ఐదు గుండ్లును కలిసి అరనిమిషము పట్టదు. బోర్ల పరుండినప్పుడు తుపాకిని బిగించిన పట్టె దండచేతిపై నుండుటచే, నాడి కొట్టుకొన్న ప్రతిమారును తుపాకిమొన కదలునట. నిలువబడినప్పుడు ఆ చిక్కు లేదు గాని కాళ్ళు వణకును. గాలి యొకటి, అందుకై గురులదగ్గర చిన్న జెండాలు కట్టియుందురు. అవి యాడినకొలది చూపునకుండు మీటను కొంచెము త్రిప్పుకొనవలెను.

ఏమి చెప్పిన మన సోదరీమణులకు ఈ కష్టము తెలియును? పండుగనాడు పొయ్యిదగ్గరనుండి వీధివాకిటికి పదిమారులు పరుగెత్తి, రొప్పుచు వచ్చి నిలిచినప్పుడు, ఎవరైన సూదియు దారమును చేతికిచ్చి "ఇది యెక్కించుము" అనిన నెట్లుండునో అట్లుండును. సూది ఏబది మీటర్ల దూరమున నున్నదనుకొనవలెను, అంతే భేదము.

మా ప్రక్క నొక వృద్ధురాలు నిలిచియుండెను. డెబ్బదియేండ్లు దాటియుండును. ఆమె చేత చిన్న కాగితము, పెన్సిలు. కాగితముపై వరుసలు వరుసలుగ సున్నలు వ్రాసికొనియున్నది. తమ దేశపువాడు కాల్చినప్పుడు, తగిలినకొలది జనులందరు ఒక్క గొంతుకతో "హెయ్" అని యరతురు. ఆమె మాత్రము అరవక సున్నపై నొక గీత గీయును. తప్పినప్పుడు కొండమీది జనమంతయు నిట్టూర్చెను. ఆమె పెన్సిలు కదలదు. పొరుగుదేశమువా డొకడు వరుసగ రెండు తప్పి, తల వంచుకొని దండనచుట్టులోనికి పోవుచుండగా, ఆమె సంచిలోనుండి నారింజపండు తీసి, ఒలిచి, సగము మాకిచ్చి ఏమో యనెను. మా ఆడపడుచు అర్థము చెప్పినది: "వాని తల్లి ఎచ్చటనో చూచుచుండును గదా."

ఆనాటి పందెమునకు ఒక విశేషము కలదు. ఫ్రాన్సుదేశపు మార్టిన్ ఫూర్కాద్ అప్పటికే ఆ కొండపై నాలుగు స్వర్ణపతకములు గెలిచియుండెను. మూడు తనంతట తాను గెలిచినవి, నాలుగవది స్త్రీపురుషులు కలిసి పరుగెత్తు పందెములో తోడివారితో గెలిచినది. ఈ యైదవదానిని కూడ గెలిచినచో నార్వేవారికి సొంత కొండపై తలవంపు. ఆయన వయసు 27. ఎదుట నిలిచినవారిలో యొహానెస్ బో అను 22 ఏండ్ల కుఱ్ఱవాడును, ఓలే ఐనార్ బ్యోర్న్‌డాలెన్ అను 42 ఏండ్ల వృద్ధుడును నుండిరి. నలువది రెండేండ్లవానిని వృద్ధుడనుట తగదేమో గాని, ఆ రంగమున అది తాతవయసే. 2002 ఒలింపిక్‌లో పురుషుల పందెములు నాలుగింటికి నాలుగును గెలిచినవా డాయనయే. 2014లో నలువదియవయేట మరల స్వర్ణము గెలిచెను.

నాలుగవ కాల్పు ముగిసి వారు చెట్లచాటున కడపటి చుట్టునకు పోయినప్పుడు మేము నిలుచుండిన దిక్కున మాట వినబడలేదు. తరువాత వినబడినదెల్ల కేకలే. కుఱ్ఱవాడు మొదట వచ్చెను. ఫూర్కాద్ కొద్ది సెకండ్ల వెనుక రెండవవాడు. మూడవవాడు బ్యోర్న్‌డాలెన్! గీత దాటినవారు దాటినట్లే మంచుపై కూలబడిరి. గెలిచినవానికిని ఓడినవానికిని రొప్పులో భేద మేమియు గానరాలేదు. మా ప్రక్కనున్న యామె కాగితము మడిచి సంచిలో పెట్టుకొనెను.

అదే దినమున స్త్రీల పందెమును జరిగెను, వారిది 12.5 కిలోమీటర్లు. గెలిచినది ఫ్రాన్సుదేశపు మరీ దొరాఁ అబేర్. ఆమె 2014లో బిడ్డను కని, మరుసటి యేటనే పందెములకు వచ్చినది. 2016లో ఓస్లోనుండి ఆరు పతకములు తీసికొనిపోయినది. స్త్రీలకు ఒలింపిక్‌లో ఈ క్రీడ 1992 వరకు లేకపోయెను. పురుషులకు 1960లోనే యుండగా ఆ ముప్పదిరెండేండ్ల యాలస్యమునకు సరియైన కారణము మాకెవ్వరును చెప్పలేకపోయిరి.

బ్యోర్న్‌డాలెన్ 2018లో పందెములు మానెను. ఆయన భార్య దార్యా దోమ్రాచెవా బెలారూస్‌దేశస్థురాలు, ఆమెయు ఇదే క్రీడలో నాలుగు ఒలింపిక్ స్వర్ణములు గెలిచినది. ఇద్దరును ఒకే యేట విరమించిరి. ఫూర్కాద్ 2020లో మానెను. ఆనాటి కుఱ్ఱవాడు బో తరువాత ఐదుమారులు ప్రపంచకప్పు గెలిచి, అందరికన్న మేటి యనిపించుకొని, 2025 మార్చిలో అన్నయగు తార్యేతో కూడ ఇదే హోల్మెన్‌కొల్లెన్ కొండపై కడపటి పందెము పరుగెత్తెను. అప్పటికి ఆయనకు 31 ఏండ్లే. ఇంటివద్ద భార్యతోను బిడ్డలతోను గడపవలెనని కారణము చెప్పెనట. మా ఆడపడుచు ఆ దినమునను కొండకు పోయినది. రైళ్ళు క్రిక్కిరిసియుండుటచే రెండింటిని విడిచి మూడవదానిలో నిలుచుండి పోయితినని వ్రాసినది.