రేవులో ఒక పగలు

ప్రయాణమంటే మా ఇంట్లో మార్కాపురం రోడ్డు స్టేషనే. ఊరికి కాస్త ఎడంగా ఉండే ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడి నేను ఊపినన్ని సార్లు చెయ్యి ఇంకెవరూ ఊపి ఉండరు. అబ్బాయి ఇంజనీరింగు చదువుకు వెళ్ళిననాడు ఊపాను. ఉద్యోగానికి వెళ్ళిననాడు ఊపాను. అమెరికా వెళ్ళే ముందు హైదరాబాదు బండి ఎక్కిననాడు ఊపి ఊపి చెయ్యి నొప్పి పుట్టింది. బండి కదిలేది, చివరి పెట్టె వెనక ఎర్రదీపం చిన్నదైపోయేది, మావారు "ఇక పద" అనేవారు. ఎప్పుడైనా వెళ్ళేవాడు వాడు, నిలబడేవాళ్ళం మేము. నలభై ఏళ్ళ కాపురంలో మే మిద్దరమే కలిసి ఎక్కడికైనా వెళ్ళామా అంటే శ్రీశైలం కూడా లేదు. దానికీ మా అత్తగారూ, ఆడపడుచులూ, పిల్లలూ, ఒక బిందె పులిహోరా ఉన్నారు.

అలాంటి మేము 2024 మార్చిలో అమెరికాలో ఓడ ఎక్కాం. అబ్బాయి ఉండేది టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాసులో. మనుమరాలికి బడి వారం రోజులు సెలవు. ఆ వారానికి గాల్వెస్టన్ రేవులో ఓడ ఎక్కి, మెక్సికో తీరం చూసి, మళ్ళీ అదే రేవులో దిగాలి. ఆదివారం బయల్దేరి ఆదివారం రావడం.

నాకు సముద్రం కొత్త. నేను గిద్దలూరులో పుట్టేనాటికి మాది కర్నూలు జిల్లా. ఇల్లు కదలకుండానే 1970లో ఒంగోలు జిల్లావాళ్ళ మయ్యాం. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. ఆ విధంగా మా జిల్లాకు సముద్రం వచ్చిందే గాని మాకు రాలేదు. మాకు తెలిసిన సముద్రం కంభం చెరువు. అదీ వానలు పడిన ఏడు. ఎండాకాలం వస్తే బిందెలు వరసపెట్టి టాంకరు కోసం ఎదురుచూసిన ప్రాణం నాది. ఓడలో నాలుగు వేలమంది పైచిలుకు స్నానాలు చేస్తూంటే, "ఇన్ని నీళ్ళు ఎక్కడివిరా?" అని అడిగాను. సముద్రపు నీళ్ళే కాచి ఆవిరిని చల్లార్చి కొంతా, వడగట్టి కొంతా మంచినీళ్ళు చేస్తారట. వడగట్టే యంత్రం మన ఫ్లోరైడు ఊళ్ళలో ఇరవై లీటర్ల డబ్బాలు నింపే ప్లాంటుకు పెద్దన్న లాంటిదేనట. అది విన్న తరవాత ఓడ మీద నాకు కొంచెం నమ్మకం కుదిరింది.

వారం ఇట్టే గడిచింది. ఆఖరి రోజు శనివారం మధ్యాహ్నం అబ్బాయి గది తలుపుకు రంగు చీటీలు తగిలించి వెళ్ళారు. పెట్టెలకు ఆ చీటీలు కట్టి రాత్రి గుమ్మం బయట పెడితే, తెల్లవారేసరికి వాటిని రేవులోకి చేరుస్తారు. మా గదికి చీటీలు రాలేదు. బదులుగా ఒక ఉత్తరం వచ్చింది. మావారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "మనం దిగడం లేదట!" అన్నారు.

నేను గాభరాపడి పక్క గదిలోకి పరుగెత్తాను. అబ్బాయి నవ్వుతున్నాడు. కోడలు తల వంచుకుని బట్టలు మడత పెడుతోంది.

"ఇంకో వారం మీ ఇద్దరికీ తీసుకున్నానమ్మా. అదే ఓడ, అదే గది. రేవులు మాత్రం వేరు. మాకు సోమవారం ఆఫీసు, పాపకు బడి. మీ పెళ్ళయి నలభై రెండేళ్ళు. ఎప్పుడైనా ఇద్దరే ఎక్కడికైనా వెళ్ళారా?"

"ముందే చెబితే ఏం పోయిందిరా?"

"చెబితే నువ్వు ఓడే ఎక్కేదానివి కాదు."

"నా బి.పి. మాత్రలు ఏడు రోజులకే తెచ్చుకున్నాను!"

"పదిహేను రోజులకు పెట్టా నత్తయ్యా. మీ సంచి అడుగున చూడండి" అంది కోడలు, తల ఎత్తకుండా.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. భాష రాదు, మనిషి తెలియదు. మావారు పలకల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసినవారు. ఇంగ్లీషు ఉత్తరాలు రాయగలరు గాని, నోరు విప్పి నాలుగు మాటలాడడం తెలుగులోనే తక్కువ. ఆయనతో వారం రోజులు ఏం మాట్లాడను? నలభై రెండేళ్ళ తరవాత ఇలాంటి సందేహం వచ్చినందుకు నాకే సిగ్గువేసింది.

తెల్లవారుజామున ఓడ రేవు చేరింది. మేము పై అంతస్తు నించి చూశాం. ఒకవైపు వాడిన దుప్పట్లూ, చెత్తా, సీసాలూ దిగుతున్నాయి. ఇంకోవైపు బియ్యం, పిండి, గుడ్లు, కూరగాయలు బల్లల మీద కట్టకట్టలుగా ఎక్కుతున్నాయి. పక్కనే ఒక చిన్న ఓడ ఆనుకుని మా ఓడకు నూనె తాపుతోంది. పెళ్ళి అయిన మర్నాడే అదే పందిట్లో ఇంకో పెళ్ళి చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఉదయం పాత పెళ్ళివారు దిగాలి, మధ్యాహ్నం కొత్త పెళ్ళివారు రావాలి, నాలుగింటికి ఓడ కదలాలి. దీన్ని టర్న్ ఎరౌండ్ డే అంటారట.

మా గది సర్దే కుర్రవాడిది ఫిలిప్పీన్స్ దేశం. మావారు ఆ ఉదయం, నా కళ్ళ ముందే, ఆ కుర్రవాడితో మాట కలిపారు. పదహారు గదులట అతనివి. మధ్యాహ్నం ఒంటిగంట లోపల అన్నిటికీ దుప్పట్లు మార్చి, తుడిచి, కొత్తవాళ్ళకు సిద్ధం చెయ్యాలట. అందరికీ ఆఖరిరోజూ మొదటిరోజూ అయినది అతనికి తల ఎత్తలేని రోజు. ఇంటినించి వచ్చి ఏడు నెలలు. నాలుగేళ్ళ కూతురుంది. మా పక్క పల్లెలనించి సంసారాలు మూటగట్టుకుని హైదరాబాదుకూ, బెంగుళూరుకూ ఇళ్ళు కట్టే పనులకు పోతారే, వాళ్ళే గుర్తుకొచ్చారు నాకు. నీళ్ళు లేక పోయేవాళ్ళు వాళ్ళు, నీళ్ళ మీద పోయేవాడు ఇతను.

ఈ దేశపు పద్ధతి ఒకటి చెప్పాలి. మళ్ళీ అదే ఓడలో వెళ్ళేవాళ్ళయినా సరే, ఒకసారి దిగి, పాస్‌పోర్టు చూపించి రావలసిందే. ఓడలో ప్రయాణికుడనే వాడు ఒక్కడూ లేడని లెక్క తేలిన తరవాతే కొత్తగా ఎవరినైనా ఎక్కనిస్తారు. మావారికి ఈ మాట ఎంతో నచ్చింది. "ఖాతా సున్నా చేసి కొత్త పేజీ మొదలెడతారన్నమాట" అన్నారు. మాకు మధ్యలో ఉన్నవాళ్ళమని తెలిపే కార్డు ఇచ్చారు. అందరం కలిసే దిగాం.

అబ్బాయి కారు రేవు దగ్గరే ఉంది. ఇంటి వంటలు ఓడలోకి రానివ్వరని మా ఆవకాయ సీసా వారంనించీ ఆ కారులోనే ఉంది. తలుపు తియ్యగానే గుప్పుమంది. నాకు మార్కాపురమే ఎదురొచ్చినట్టనిపించింది. ఒక చైనా హోటల్లో ఉత్త అన్నం కొనుక్కుని సముద్రపు గోడ దగ్గరికి పోయాం.

ఆ గోడ కథ కోడలు చెప్పింది. 1900 సెప్టెంబరు 8న ఈ ఊరి మీదికి తుఫాను ఉప్పెనగా వచ్చి ఆరువేల మందికి పైగా చనిపోయారట. ఆ దేశంలో అంతమందిని మింగిన తుఫాను మరొకటి లేదట. ఆ తరవాత పదిహేడడుగుల ఎత్తున గోడ కట్టారు. మొదటి భాగం 1904కు పూర్తయింది, ఇప్పుడది పదహారు కిలోమీటర్లు. అంతటితో ఊరుకోక ఊరినే ఎత్తారు. ఇళ్ళ కింద జాకీలు పెట్టి పైకి లేపి, అడుగున ఇసుక నింపారు. మూడువేల టన్నుల చర్చిని కూడా వందల జాకీలతో అయిదడుగులు లేపారట.

నాకు 1977 నవంబరు జ్ఞాపకం వచ్చింది. దివిసీమ ఉప్పెననాడు నేను గిద్దలూరులో బడి పిల్లను. పాత బట్టలు తెమ్మంటే, నా రెండు పరికిణీల్లో మంచిది ఏదో తేల్చుకోలేక ఏడ్చి, చివరికి మంచిదే ఇచ్చాను. ఆ మాట ఇన్నేళ్ళకు ఆ గోడ మీద కూచుని చెప్పాను. "ఇది నాకెప్పుడూ చెప్పలేదే!" అన్నారు మావారు. నిజమే, చెప్పలేదు. చెప్పడానికి ఎప్పుడు తీరింది?

ఆవకాయ అన్నం ముద్దలు కలిపి అయిదుగురికీ చేతిలో పెట్టాను. పాప కళ్ళ నీళ్ళు పెట్టుకుంటూనే ఇంకో ముద్ద అడిగింది.

రెండు గంటలకు మమ్మల్ని రేవు గుమ్మం దగ్గర దింపారు. కాగితాలున్నవాళ్ళు తప్ప లోపలికి రాకూడదు. కోడలు నా సెల్‌ఫోనులో ఏది నొక్కాలో మూడోసారి చెప్పింది. అబ్బాయి వాళ్ళ నాన్న చొక్కా కాలరు సవరించాడు. స్టేషనులో నేను వాడికి చేసే పని అది. పాప మాత్రం, "అవ్వా, నీ గదిలో దిండు మీద చూడు" అని చెవిలో చెప్పింది.

లోపలికి వెళ్ళేసరికి ఓడ మారిపోయింది. నడవాల్లో అందరూ కొత్త మొహాలు. అబ్బాయి వాళ్ళున్న పక్క గది తలుపు తెరిచి ఉంది. ఎవరో అమ్మ, నాన్న, ఇద్దరు మగపిల్లలు పరుపు మీద గంతులు. ఆరు గంటల కిందట మా పాప గంతులేసిన పరుపే. "పలక తుడిచినట్టు తుడిచేశారే" అన్నారు మావారు.

మా గదిలో దిండు మీద నిజంగానే పలక ఉంది. మేము పాపకోసం మార్కాపురంనించి తీసుకుపోయిన రాతిపలక. మావూరి పలకలు ఒకప్పుడు దేశమంతా బడిపిల్లల చేతుల్లో ఉండేవి. ప్లాస్టిక్కు పలకలొచ్చి ఆ పని సన్నగిల్లింది. మావారి కంపెనీ కూడా మూతపడింది. ఆ పలక మీద పాప వంకర అక్షరాలతో "అవ్వా తాతా రండి" అని రాసింది. కుర్రవాడు గదంతా తుడిచాడు, దుప్పట్లు మార్చాడు, దిండు గలీబు కూడా మార్చాడు. పలకను మాత్రం ఒక్క అక్షరమైనా చెరగకుండా మళ్ళీ అక్కడే పెట్టాడు. అతనికి తెలుగు రాదు. నాలుగేళ్ళ కూతురున్నవాడికి చదవడానికి తెలుగు రానక్కరలేదు కాబోలు.

ఓడ కదిలే ముందు, ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో అందరూ వెళ్ళి చూసి రావాలి. కిందటివారం చూశాం కదా అంటే వీలులేదు. 2012లో ఇటలీ దగ్గర ఒక పెద్ద ఓడ రాయికి కొట్టుకుని ముప్ఫై ఇద్దరు పోయారు. ఆ ఓడలో కొత్తగా ఎక్కినవాళ్ళకు అప్పటికింకా ఈ సంగతి చెప్పనేలేదట. అప్పటినించి కదలకముందే చెప్పాలని నియమం. మేము మంచి పిల్లల్లా వెళ్ళి నిలబడి వచ్చాం. తోవ తెలియక తికమకపడుతున్న ఒక ముసలి దొరసానికి నేనే చెయ్యి చూపించాను. వారంరోజుల సీనియారిటీ!

నాలుగు గంటలకు కూత వేసింది. రేవు గట్టు మీద, ఓడలు చూడవచ్చిన జనంలో, మావాళ్ళు ముగ్గురూ నిలబడి ఉన్నారు. పాప అబ్బాయి భుజాల మీద ఉంది. నేను అలవాటు ప్రకారం ముందుగానే చెయ్యెత్తాను. గట్టు మెల్లిగా జరగడం మొదలెట్టింది. తీరా చూస్తే జరుగుతున్నది గట్టు కాదు.

వాడు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆపితే ఏమవుతుందో అన్నట్టు ఊపుతున్నాడు. ఇన్నేళ్ళూ రైలు తలుపు దగ్గర నిలబడి వాడికి నేను ఎట్లా కనబడ్డానో నాకప్పుడు తెలిసింది. వాడి ఎర్రచొక్కా చిన్నదై, చుక్కయి, జనంలో కలిసిపోయింది.

మావారు నా పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. "ఇక పద" అంటారని ఎదురుచూశాను. అనలేదు. చాలాసేపటికి, "ఆ పరికిణీ ఏ రంగుది?" అని అడిగారు.

"ఆకుపచ్చది. జరీ అంచు. రండి, టీ తాగుతూ చెబుతాను" అన్నాను.