వచ్చినవారు, తెచ్చినవారు

కళాశాలలలో వక్తృత్వపు పోటీలు జరిగినప్పుడల్లా "పరాయివారి రాక దేశానికి మేలా, కీడా?" అనే విషయము ఏదో ఒక రూపములో వచ్చి తీరుతుంది. అనుకూల పక్షమువారు విశ్వమానవ సౌభ్రాత్రమును గురించి, ప్రతికూల పక్షమువారు నిరుద్యోగమును గురించి ఆవేశముగా మాట్లాడి, గంట మ్రోగగానే కూర్చుంటారు. ఉభయుల వాదములు విన్న తరువాత నాకు ప్రతిసారీ ఒక వెలితి మిగిలిపోతూ ఉంటుంది. ఆ వాదములలో వచ్చినవాడు ఉంటాడు, ముందునుండి ఉన్నవాడు ఉంటాడు. వచ్చినవానిని తెచ్చినవాడు మాత్రము కనుచూపు మేరలో కానరాడు. ఈ మూడవ మనిషిని గురించి నాకు తెలిసినంతవరకు నాలుగు మాటలు వ్రాయవలెనని నా ప్రయత్నము.

మన ఏలూరులో తివాచీలు నేసేవారి పూర్వులు ఎన్నడో పారశీక దేశమునుండి సేనల వెంట వచ్చి ఇక్కడ స్థిరపడినారని పరంపరగా చెప్పుకొంటారు. మా తాతగారు తంగెళ్ళమూడిలో మగ్గము ముందు కూర్చుని ఉన్నిపోగులు ముడివేసినవారే. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీ ఉన్నదంటే, అది ఏలూరు పేరుతోనే గాని పారశీకపు పేరుతో కాదు. కొల్లేటి లంకలలో ఉండే వడ్డివారు కూడ తమ పెద్దలు గజపతుల కాలములో ఓఢ్రదేశమునుండి దిగినవారని చెప్పుకొంటారు. ఈనాడు ఆ సరస్సు మీద వారికి హక్కు లేదని ఎవరైనా అంటే నవ్విపోరా?

కొల్లేరు ప్రస్తావన వచ్చింది గనుక ఒక మాట. ఆటపాకలో వాలే గూడబాతులను చూపించి, "పక్షులకు లేని సరిహద్దులు మనుషులకు ఏల?" అని ప్రశ్నించుట మన వక్తలకు మహా ప్రీతి. నాకు ఆ ఉపమానము రుచించదు. గూడబాతు ఎవరి కూలి రేటునూ తగ్గించదు, ఎవరి అద్దె ఇంటి కోసమూ పోటీపడదు. మనుషుల సంగతి అట్లు కాదు. ఉన్నవాని భయములో నిజమేమీ లేదని కొట్టిపారవేయుట న్యాయము కాదని నా అభిప్రాయము.

ఇందుకు మన తెలుగువారి చరిత్రలోనే గొప్ప నిదర్శనము కలదు. మా వైపు ముసలివారు రంగూనును రంగమని అంటారు. విశాఖపట్నము, కాకినాడ రేవులనుండి పొగ ఓడలెక్కి లెక్కకు మిక్కిలిగా తెలుగు కూలీలు రంగము పోయినారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ వారికి కోరంగీలని పేరు వచ్చినది. రేవులో బస్తాలు మోయుట, రిక్షాలు లాగుట, ధాన్యపు మిల్లులలో పనిచేయుట వారి వృత్తులు. ఓడ చార్జీని మేస్త్రీ ముందుగా ఇచ్చి, తరువాత వారి కూలిలోనుండి కోసుకొనేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి రంగూను నగర జనాభాలో సగానికి పైగా భారతీయులే. తన రాజధానిలో తానే అల్పసంఖ్యాకుడైన బర్మా మనిషికి గుండె కలుక్కుమన్నదంటే తప్పు పట్టగలమా? పైగా 1930 నాటి ఆర్థిక మాంద్యములో అప్పులు తీర్చలేని దిగువ బర్మా రైతుల పొలములు చెట్టియార్ల చేతికి పోయినవి. ఆ దశాబ్దము ముగిసేనాటికి అక్కడి ముఖ్యమైన వరిసాగు జిల్లాలలో నాలుగవ వంతు భూమి వారి క్రిందకు వచ్చినది.

1930 మే నెలలో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినారు. ఓడల సరకు దింపించే గుత్తేదారులు వెంటనే బర్మా కూలీలను పిలిపించి పనిలో పెట్టినారు. కొద్ది రోజులలో సమ్మె పరిష్కారమైనది. తెలుగువారు తిరిగి పనిలోనికి రాగానే, "ఇక మీతో పని లేదు, పొండు" అని బర్మా కూలీలను పంపివేసినారు. మే 26న కలహము మొదలైనది. వీధివీధినా పడి కొట్టుకొన్నారు. చచ్చినవారిలో అధికులు తెలుగువారు. ఒకరిని లొంగదీయుటకు మరియొకరిని పిలిచి, అవసరము తీరినంతనే వదలివేసిన గుత్తేదారుల జోలికి మాత్రము ఎవరూ పోలేదు. తెలుగువాడు బర్మా వానిని, బర్మా వాడు తెలుగువానిని శత్రువని నమ్మినారు. ప్రభుత్వము ఈ వలస విషయమును విచారించుటకు 1939లో బాక్స్టరు అను అధికారిని నియమించినది. భారతీయ కూలీలు బర్మీయుల పని లాగుకొనుట కంటె, వారు చాలని చోట నిలిచి పని పూర్తి చేయుటే ఎక్కువగా జరిగినదని ఆయన తేల్చినాడు. అప్పటికి ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేకపోయినది. 1942లో జపాను సేనలు రాగా నాలుగు లక్షలకు పైగా భారతీయులు అడవులలో, కొండలలో నడిచి స్వదేశము చేరినారు. దారిలో రాలిపోయినవారు వేలు. మిగిలినవారిని 1964లో నే విన్ ప్రభుత్వము దుకాణములను, వ్యాపారములను జాతీయము చేసి ఇంచుమించు కట్టుబట్టలతో పంపినది. విశాఖపట్నములోని బర్మా క్యాంపు పేరు విన్న మిత్రులకు ఈ కథ కొత్త కాదు.

ఎన్నేండ్లు ఉంటే మనిషి ఆ నేలకు చెందినవాడవుతాడు? బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టము 1823కు పూర్వమే అక్కడ స్థిరపడిన జాతులను మాత్రమే సహజ పౌరులుగా గుర్తించినది. హైదరాబాదు సంస్థానపు ముల్కీ నిబంధన పదునైదేండ్ల నివాసమును కోరినది. ఆ నిబంధన చెల్లునని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పగా కోస్తా జిల్లాలు అట్టుడికినవి. అప్పుడు ఏలూరులో విద్యార్థిగా ఉన్న మా నాన్నగారు తరగతులు వదలి ఊరేగింపులలో నడిచినారు. హైదరాబాదులో మనము వచ్చినవారమా, ఉన్నవారమా అనే ప్రశ్నకు ఆయన వద్ద ఆనాడు ఒక సమాధానము, వృద్ధాప్యములో వేరొక సమాధానము ఉండేవి. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో నాలుగేండ్ల చదువు లెక్క వచ్చినది. స్థానికత ధ్రువపత్రము కొరకు కార్యాలయముల చుట్టూ తిరిగే మన విద్యార్థులకు దానిని గురించి నేను చెప్పనక్కర లేదు.

ఇక మా ఇంటి విషయము. మా మేనత్తను మేము ఫూఫీ అని పిలుస్తాము. భర్త గతించిన తరువాత ఇద్దరు ఆడపిల్లల పెండ్లిండ్ల నిమిత్తము ఆమె ఇంటిపనికై కువైటు పోయినది. ఉభయ గోదావరి జిల్లాలనుండి ఇట్లు వెళ్ళిన స్త్రీలు ఊరూరా ఉన్నారు. 1983 నాటి చట్టము ప్రకారము రిజిస్ట్రేషను ఉన్న ఏజెంటు ద్వారా పోవలెను. ఆమెను పంపినవానికి అటువంటిదేమీ లేదు. తీసికొన్న డబ్బుకు రసీదు కూడ ఇవ్వలేదు. అక్కడ దిగిన నాడే ఇంటి యజమానురాలు పాస్‌పోర్టు తీసికొని బీరువాలో పెట్టి తాళము వేసినది. 2015లో కువైటు ప్రభుత్వము ఇంటిపనివారి కొరకు ఒక మంచి చట్టమే చేసినది. వారమునకొక సెలవు, పని గంటలకు హద్దు అందులో ఉన్నవి. మరుసటి ఏడు నెలకు 60 దీనార్ల కనీస వేతనము కూడ నిర్ణయమైనది. ఆ రోజులలో ఫూఫీ కువైటులోనే ఉన్నది. ఆ చట్టము సంగతి మాత్రము ఇంటికి తిరిగి వచ్చిన తరువాత నేను చెప్పగా విన్నది.

2020లో కువైటు ప్రధానమంత్రి, తమ జనాభాలో 70 వంతులున్న విదేశీయులను 30 వంతులకు తగ్గించవలెనని అన్నప్పుడు, ఆ వార్తను నేను కొంత కోపముతోనే ఆమెకు చదివి వినిపించినాను. ఆమె కోపగించుకోలేదు. "వాళ్ళ ఊళ్ళో వాళ్ళే తక్కువైపోతే వాళ్ళకు మాత్రం బాధ ఉండదా, బేటా? కాకపోతే నన్ను రమ్మని డబ్బు కట్టింది కూడా వాళ్ళే కదా" అని ఊరకున్నది.

ఇప్పుడు మన నేల మీదకు వద్దాము. తాడేపల్లిగూడెములో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. దేశములోని నానా రాష్ట్రముల విద్యార్థులు అక్కడ చదువుతున్నారు. వారిని వలస సమస్య అని ఎవరూ అనగా నేను వినలేదు. హోటళ్ళవారు, గదులు అద్దెకిచ్చేవారు వారిని చూచి సంతోషించుటయే కన్నాను. కొల్లేటి చుట్టుపట్ల చేపల చెరువులలో, ఐసు ఫ్యాక్టరీలలో పనిచేసే ఒడిశా, బెంగాలు కుర్రవాండ్రను గురించి మాత్రము వేరే స్వరముతో మాట్లాడుకొంటారు. మన బొచ్చె, శీలావతి చేపలు లారీలలో ఐసు మీద పడుకొని కలకత్తాకు, అస్సామునకు పోతాయి. ఫార్మలిను వివాదము వచ్చి 2018లో అస్సాము ప్రభుత్వము కొన్నాళ్ళు మన చేపను ఆపినప్పుడు ఇక్కడ ఎంత గగ్గోలు పుట్టినదో చూచినాము. చేప అటు పోవలెను, చేతులు ఇటు రావలెను. ఆ చేతుల వెనుక ఉన్న మనిషి మాత్రము రాకూడదు! ఇది ఎటువంటి న్యాయమో నాకు బోధపడదు.

అయినను కైకలూరు దగ్గర ఒక గ్రామములో నాట్లు వేసే స్త్రీలు నాతో అన్న మాటను ఇక్కడ దాచను. "బెంగాలోళ్ళు గుత్తకు దిగిన కాడినుంచి మా కూలి మాట అడిగేవాడే లేడండి" అన్నారు. నాట్లకు మనుషులు దొరకడము లేదని అదే గ్రామములో రైతులన్నారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చును. అడిగిన కూలికి మనుషులు దొరకకపోవుట వేరు, ఇవ్వదలచిన కూలికి దొరకకపోవుట వేరు.

ఒడిశాలో దాదన్ అనే పేరుతో కూలీలను ముందు బయానా ఇచ్చి తోలుకొనిపోయే పద్ధతిని చూచి, 1979లో పార్లమెంటు అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టము చేసినది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండవలెను. రాకపోకల ఖర్చు ఇవ్వవలెను. ఒకే రకపు పనికి స్థానికునితో సమానముగా కూలి ఇవ్వవలెను. 2020లో ఆ చట్టమును వేరొక సంహితలో కలిపినారు. నా మట్టుకు, సమాన వేతనమనే ఆ ఒక్క షరతు సక్రమముగా అమలైతే కైకలూరు స్త్రీల ఫిర్యాదులో సగము తీరుతుంది. తక్కువకు దొరుకుతాడనే ఆశతో తెచ్చేవాడు అప్పుడు తేడు. నిజముగా చేతులు చాలనివాడే తెస్తాడు. అదే 2020 వేసవిలో లాక్‌డౌను పడి జాతీయ రహదారి మీద మూటలతో ఒడిశా దిక్కుగా నడిచిపోయినవారికి ఏలూరులోను, గూడెములోను మన యువకులు మజ్జిగ, పులిహోర పొట్లములు అందించినారు. అది ప్రశంసనీయమే. వారిని తెచ్చిన కాంట్రాక్టరు ఎక్కడున్నాడని ఆ దారిలో అడిగినవారు ఎందరో నాకు తెలియదు.

ఫూఫీ తన ఇంటి వెనుక గదిని ఇటీవల ముగ్గురు ఒడిశా కుర్రవాండ్రకు అద్దెకు ఇచ్చినది. కువైటులో పదును తేలిన ఆమె ఉర్దూ, వారి హిందీ చక్కగా కలిసినవి. గది చూపించి ఆమె వేసిన మొదటి ప్రశ్న అద్దెను గురించి కాదు, "మీ కార్డులు ఎవరి దగ్గర ఉన్నాయి?" అని. మేస్త్రీ దగ్గర ఉన్నవని వారు చెప్పినారు. మరునాటి ఉదయము ఆమె మేస్త్రీకి కబురు పంపినది. రాకపోతే తానే పోయి ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలుచున్నది. రెండు ఆధారు కార్డులు అదే రోజున చేతికి వచ్చినవి. మూడవది ఎక్కడో పడిపోయినదని మేస్త్రీ అంటున్నాడు. ఆమె నమ్మడము లేదు, ఇంకను తిరుగుచున్నది.