కోశము చిరిగినప్పుడు కర్త ఎవరు?

ఏ కర్మ సిద్ధించుటకైనను ఐదు కారణములు ఉన్నవని భగవద్గీత 18వ అధ్యాయము, 14వ శ్లోకము బోధించుచున్నది: అధిష్ఠానము, కర్త, కరణములు, వివిధ చేష్టలు, ఐదవది దైవము. ఎన్నో ఏండ్లు పారాయణ చేసిన ఈ శ్లోకమును నిజముగా మననము చేయవలసిన అవసరము నా తమ్ముని వెన్నెముక శస్త్రచికిత్స వేళ కలిగినది.

తమ్ముడు మాదాపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 1998లో సైబర్ టవర్స్ ఆరంభమైన పిదప ఆ ప్రాంతమున దినమంతయు ఆసీనులై జీవించు తరము ఒకటి ఏర్పడినది. అతనికి నడుములో డిస్కు జారి నాడిని నొక్కినది. ఒకసారి ఆపరేషన్ జరిగిన చోటనే మరల చేయవలసి వచ్చినది. అది ముగిసిన పిమ్మట సర్జన్ మేము అడుగకముందే చెప్పినారు: “డ్యూరా ఒకచోట చిరిగిందండీ. వెంటనే కుట్టేశాం. కొన్ని రోజులు లేవకుండా పడుకోవాలి.”

డ్యూరా యనగా వెన్నుపామును, దాని దిగువనున్న నాడీగుచ్ఛమును ఆవరించిన పొర. దాని లాటిన్ నామమునకు ‘కఠిన మాత’ అని అర్థము. ఆ మాత గర్భమున స్వచ్ఛమైన ద్రవము ఉండును. మెదడు చుట్టును, వెన్నులోను కలిపి అది సుమారు 150 మిల్లీలీటర్లు. దినమునకు సుమారు 500 మిల్లీలీటర్లు నూతనముగా ఉత్పత్తి యగుచుండును. పొర చిరిగి ద్రవము స్రవించినచో కూర్చుండగనే తీవ్రమైన తలనొప్పి, పడుకొనగనే ఉపశమనము కలుగును. ఉపేక్షించినచో మెనింజైటిస్ రావచ్చును. సకాలమున మూసివేసినచో అధికశాతము రోగులు స్వస్థులగుదురు.

ఇంటిలో రెండు వాదములు లేచినవి. “వైద్యుడిదే తప్పు, కేసు పెట్టాలి” అని మా బావగారు. “పూర్వజన్మ కర్మరా నాయనా” అని అమ్మ. ఒకరు సర్వమును కర్తపై మోపినారు, మరొకరు దైవముపై. గీత ఈ రెంటిని అంగీకరించుట లేదు. అధిష్ఠానమైన దేహమును చూడుడు: తొలి ఆపరేషన్ మచ్చ పొరకు అంటుకొని యున్నది. అట్టిచోట చిరుగుట అధికమని వైద్యశాస్త్రమే చెప్పుచున్నది. కరణము ఎముకను తొలుచు వాడియైన పనిముట్టు. చేష్ట వెంట్రుకవాసి కదలిక. వీటన్నిటితో కలిసినదే దైవము.

అట్లని కర్త బాధ్యత తొలగిపోదు. ఐదింటిలో అతడును ఒకడు. నీరు, బురద నింపిన తోలుసంచులపై భేదన కర్మను అభ్యసింపవలెనని సుశ్రుతుడు శిష్యులను శాసించినాడు. నైపుణ్యము కర్త ధర్మము. జరిగినదానిని దాచక చెప్పుట అంతకంటె కఠినమైన ధర్మము. తమ్ముని విషయమున ఆ సత్యమే రక్షణ యైనది. మూడవనాడు తలనొప్పి రాగానే దేనికి సంకేతమో మాకు తెలిసియుండెను. తక్షణమే నర్సుకు చెప్పితిమి. శయన విశ్రాంతి పొడిగించిరి, నొప్పి తగ్గినది.

సాధకులారా! మీ వారికి ఇట్టి చికిత్స జరిగినచో, లేచినప్పుడు తలనొప్పి కలిగినను, గాయమునుండి నీటివంటి ద్రవము కారినను ప్రారబ్ధమని మిన్నకుండవలదు. తక్షణమే వైద్యునికి తెలుపుడు. ఆ చేష్ట కూడ ఐదు కారణములలోనిదే.

స్వస్తి.