మొదటి సెమిస్టరు - 16 క్రెడిట్ల లెక్క

అమెరికా కాలేజీల్లో ఫుల్‌టైమ్ స్టూడెంట్ అనిపించుకోవడానికి సెమిస్టరుకి 12 క్రెడిట్లు చాలు. డిగ్రీకి మామూలుగా 120 కావాలి కాబట్టి, నాలుగేళ్ళలో గట్టెక్కాలంటే సగటున 15 పడతాయి. అలాంటప్పుడు 16 కూడా ఓ లెక్కా అనిపిస్తుంది. ఆ 16 లో ఏమున్నాయన్నదే అసలు సంగతి.

కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ - ఒక్కోటీ లాబుతో కలిపి 4. కాల్క్యులస్ ఇంకో 4. ఇప్పుడు వీటిని గంటల్లోకి మారుద్దాం. లెక్చర్లు వారానికి 13 గంటలు. లాబుకి ఇచ్చేది ఒక్క క్రెడిట్టే గానీ అది తినేది చాలాచోట్ల మూడు గంటలు. మూడు లాబులకీ 9. క్లాసులో గంట కూర్చుంటే బయట కనీసం రెండు గంటలు చదవాలన్నది ఫెడరల్ నిబంధనల్లో ఉన్న నిర్వచనమే. అలా ఇంకో 26. వెరసి 48 గంటలు. లాబు రిపోర్టులు ఇందులో లేవు. బట్టలుతుక్కోవడం కూడా లేదు!

కూతుర్ని డాక్టర్ని చేయాలనుకుంటున్న ఓ మిత్రుడికి ఈ లెక్క చెప్తే, "మనం ఇంటర్లో రోజుకి పద్నాలుగు గంటలు చదవలేదా?" అన్నాడు. చదివాం, నిజమే. కానీ మన టైంటేబుల్ మన చేతుల్లో లేదు. గంట కొట్టేవాడొకడు, స్టడీ అవర్లో వెనక నిలబడేవాడొకడు. పైగా పబ్లిక్ పరీక్ష ఏడాది చివర్న ఒక్కసారే, దసరా దాకా నిద్రపోయినా సంక్రాంతి తర్వాత లేచి పరిగెత్తొచ్చు. ఇక్కడ అలా కుదరదు. నెల తిరిగేసరికి మిడ్‌టర్మ్‌లు మొదలు, అదీ నాలుగు సబ్జెక్టులకీ ఇంచుమించు ఒకే వారంలో.

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో థ్రాషింగ్ గుర్తుందా? మెమొరీకి మించి ప్రాసెస్‌లు నడిపిస్తే పేజీలు అటూ ఇటూ మొయ్యడంతోనే సరిపోతుంది, అసలు పని కదలదు. దానికి మందు ప్రాసెసర్ని తిట్టడం కాదు, ఒక ప్రాసెస్‌ని పక్కన పెట్టడం.

మెడిసిన్ మీద కన్నున్న పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. మెడికల్ స్కూళ్ళ దరఖాస్తు వ్యవస్థ ఆమ్‌కాస్‌లో బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మేథ్స్ - ఈ నాలుగింటికీ విడిగా జీపీఏ కడతారు. కోర్సు మళ్ళీ తీసుకుని మంచి గ్రేడు తెచ్చుకున్నా పాతది చెరిగిపోదు, రెండూ లెక్కలోకొస్తాయి. అంటే పద్దెనిమిదేళ్ళ వయసులో, ఇల్లొదిలిన మొదటి నాలుగు నెలల్లో పడిన మచ్చ కడదాకా వెంటొస్తుంది.

నా మటుకు నాకు మొదటి సెమిస్టర్లో లాబున్న సైన్సులు రెండు చాలు. ఫిజిక్స్ రెండో ఏడో మూడో ఏడో తీసుకునేవాళ్ళు బోలెడుమంది. దాని బదులు ఓ రైటింగ్ కోర్సు వేసుకుంటే క్రెడిట్లు 15 అవుతాయి, డిగ్రీ ఆలస్యమూ కాదు.

ఇంకోమాట. మొదటి ఒకటి రెండు వారాల్లో, కాలేజీ పెట్టిన గడువులోగా, కోర్సు వదిలేస్తే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆనవాలు కూడా ఉండదు. ఆ తర్వాతైతే డబ్ల్యూ పడుతుంది. 12 కన్నా తగ్గితే స్కాలర్‌షిప్‌కీ ఎసరు రావచ్చు. మన పిల్లలు ఆ గడువు దాటించేది తెలియక కాదు, ఇంట్లో ఏమంటారోనని. అందుకే డార్మ్‌లో దించి వచ్చే ముందే చెప్పేయండి: "బరువైతే ఒకటి వదిలెయ్, మేమేమీ అనుకోం" అని.